గురుగ్రహానికి హద్దు గీసిన ఉత్తర్వు

కర్నూలు ఊరవతల, నంద్యాల రోడ్డు మీద, మహాగ్రహ పరిశోధన సంస్థ అని ఒకటుంది. దానికి కొత్తగా వచ్చిన డైరెక్టర్ చక్రపాణి గారు కుర్చీలో కూర్చున్న మూడో వారంలోనే పరిపాలనా దక్షత మీద అయిదు రోజుల శిక్షణకు వెళ్లారు. వెళ్లేటప్పుడు ఆయన అందరిలాంటి మనిషే. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఒక సిద్ధాంతంతో వచ్చారు. ప్రతి పనికీ ఒక యజమాని ఉండాలి, ఆ యజమాని ఒక్కడే అయి ఉండాలి. ఈ సంగతి ఆయనకు శిక్షణలో రంగురంగుల బొమ్మలు వేసి మరీ చూపించారట.

సరిగ్గా ఆ రోజుల్లో సంస్థ పంపిన నౌక దూరగామి గురుగ్రహం చుట్టూ తిరుగుతోంది. యాభై మూడు రోజులకు ఒక చుట్టు. ఆ చుట్టు గుండ్రంగా ఉండదు, సాగదీసిన కోడిగుడ్డులా ఉంటుంది. ఒక కొసన నౌక గ్రహాన్ని దాదాపు రాసుకుంటూ పోతుంది. రెండో కొసన గ్రహ వ్యాసార్ధానికి నూట పది రెట్ల దూరం దాకా వెళ్లి, అక్కడ నెమ్మదించి వెనక్కి తిరుగుతుంది. దాని మీద ఉన్న పరికరాల్లో ఒకటి కణమాపని. ఇడ్లీ పాత్రంత ఉంటుంది. తయారు చేసింది ఫకృద్దీన్ గారు. ముప్ఫయి ఒక్క ఏళ్లుగా ఆ సంస్థలోనే ఇంజనీరు, రిటైరు కావడానికి ఇంకా ఏడాది ఉంది. అది పంపే అంకెలు చదివే పని డాక్టర్ వసుమతిది. ఆళ్లగడ్డ ఆవిడ. నౌక బయలుదేరక ముందు నాలుగేళ్లు, బయలుదేరాక ఏడేళ్లు ఆ అంకెల కోసం ఎదురుచూసిన మనిషి.

ఆ అంకెలేమిటో కొంచెం చెప్పాలి. గురుగ్రహం ఒక పెద్ద అయస్కాంతం. దాని పట్టు గ్రహం మీదే ఆగదు, చుట్టూ లక్షల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. అంతమేరా దాని అయస్కాంతావరణం. ఆ పట్టులో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు, ఒక ఉపగ్రహం మీది అగ్నిపర్వతాలు కక్కిన గంధకపు కణాలు విపరీతమైన వేగంతో తిరుగుతుంటాయి. బయటి నుంచి సూర్యుడి కణాల గాలి, అంటే సౌరపవనం, ఆ ఆవరణాన్ని ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది. గాలి ముదిరితే ఆవరణం కుంచించుకుంటుంది, తగ్గితే ఉబ్బుతుంది. ఈ వారం అరవై వ్యాసార్ధాల దగ్గర ఉన్న అంచు వచ్చే వారానికి తొంభై దాటిపోవచ్చు. నౌక ఆ అంచుకు లోపలుందో బయటుందో కణమాపని చెబుతుంది. లోపలుంటే దానికి సెకనుకు వేలల్లో దెబ్బలు తగులుతాయి. బయటుంటే పదో ఇరవయ్యో.

ఆ దెబ్బలు తినేది పరికరంలో ఉన్న బొటనవేలి గోరంత పలక ఒకటి. ప్రతి దెబ్బకూ దాని ఆయుష్షు రవ్వంత తరుగుతుంది. అందుకని నౌక బయటున్నప్పుడు దానికి నిండు వోల్టేజి ఇస్తారు, లోపలికి రాగానే తగ్గిస్తారు. తగ్గించకపోతే మూడేళ్లు రావలసిన పలక మూడు రోజుల్లో అయిపోతుంది.

చక్రపాణి గారి సర్క్యులర్ ఒక సోమవారం వచ్చింది. 'అయస్కాంతావరణము లోపల లభ్యమగు సమాచారమునకు గ్రహ విభాగమును, వెలుపల లభ్యమగు సమాచారమునకు సౌర విభాగమును ఏకైక బాధ్యులుగా ఇందుమూలముగా నియమించడమైనది. నౌక ఒక విభాగపు పరిధి నుండి వేరొక విభాగపు పరిధిలోనికి ప్రవేశించిన ప్రతి సందర్భమునందును బదిలీ పత్రము జారీ చేయవలెను. పరికరమునకు ఇచ్చు ఆదేశములపై సదరు పరిధి గల విభాగాధిపతి సంతకము తప్పనిసరి.'

ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చదివితే సబబుగానే ఉంది. అప్పటిదాకా రెండు విభాగాల వాళ్లూ ఒకే తెర ముందు కూర్చుని, ఒకే అంకెకు అర్థం ఏమిటని పోట్లాడుకుని, కలిసి టీకి వెళ్లేవారు. సర్క్యులర్ వచ్చిన వారానికి హాలు మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. వసుమతి ఏ విభాగానికీ చెందదు గనక ఆమె బల్లను గోడ కొసన, ద్వారం దగ్గర వేశారు.

ఆ చుట్టులో నౌక గ్రహానికి దూరంగా పోతూ ఎనభై నాలుగో వ్యాసార్ధం దగ్గర అంచు దాటి బయటపడింది. వసుమతి బదిలీ పత్రం రాసింది. గ్రహ విభాగాధిపతి త్రివిక్రమం గారు ఇచ్చినట్టు సంతకం పెట్టారు, సౌర విభాగాధిపతి పానకాలరావు గారు పుచ్చుకున్నట్టు సంతకం పెట్టారు. అయిదు గంటలు తిరక్కముందే సౌరపవనం సన్నగిల్లి, ఆవరణం ఉబ్బి, నౌకను మళ్లీ లోపలికి వేసుకుంది. ఇంకో పత్రం. సాయంత్రానికి నాలుగయ్యాయి. మరునాటికి మొత్తం పదకొండు.

పన్నెండో కాగితం పరిపాలనాధికారి ఆదిశేషయ్య గారి నుంచి వచ్చింది. ఒకే నౌకను రెండు దినముల వ్యవధిలో పదకొండు పర్యాయములు ఇటునటు బదిలీ చేయుటకు గల కారణములను మూడు దినములలోగా తెలియజేయవలసినదిగా అందులో ఉంది. వసుమతి నౌక తిరగలేదనీ, అంచే దాని మీదుగా అటూ ఇటూ కదిలిందనీ రాసి ఇచ్చింది. ఆయన ఆమెను గదికి పిలిపించారు. ఆదిశేషయ్య గారు మర్యాదస్థులు, ఆడవాళ్లు కూర్చునేదాకా తాను కూర్చోరు.

"చూడమ్మా, మీరు పెద్ద చదువు చదివినవాళ్లు. కదలకుండా ఉంటేనే అది హద్దు. కదిలితే దాన్ని ఆక్రమణ అంటారు. ఇక్కడ ఎవరు ఎవరిని ఆక్రమిస్తున్నారో మీరు రాతపూర్వకంగా ఇవ్వాలి."

గాలి నెడుతోందండీ అని ఆమె చెప్పింది. ఆయన ఫైలులో 'గాలి' అని రాసుకుని, కింద రెండు గీతలు గీశారు.

తర్వాతి గొడవ గంధకంతో వచ్చింది. నౌక అంచుకు బయట ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడూ గంధకపు కణాలు తగిలాయి. అవి లోపలి నుంచి కారిపోయి వచ్చినవి. వాటికి తాను బాధ్యుడిని కానని పానకాలరావు గారు సమావేశంలో తెగేసి చెప్పారు. అవి పుట్టిందీ పెరిగిందీ గ్రహం దగ్గర, తన దగ్గర దొరికినంత మాత్రాన తనవి ఎలా అవుతాయన్నది ఆయన ప్రశ్న. అలాగైతే గ్రహం దగ్గరున్న ప్రోటాన్లలో సగం సూర్యుడి నుంచి వచ్చినవేనని త్రివిక్రమం గారు లేచారు. ఆ స్థానికేతరులను ఇన్నాళ్లూ తానే భరిస్తున్నానని గుర్తు చేశారు. చక్రపాణి గారికి ఈ ఆలోచన బాగా నచ్చింది. ఆవరణంలో వరుసగా ఏడేళ్లు నివసించిన కణాన్ని స్థానిక కణంగా పరిగణించవచ్చునా అని ఆయన ఆదిశేషయ్య గారిని అడిగారు. వయసు కనుక్కునే వీలులేదని వసుమతి చెబితే, ముందు ఒక ప్రొఫార్మా తయారు చేయమన్నారు. ఆమె చేసింది కూడా. ధ్రువీకరణ పత్రం ఏ తహసీల్దారు ఇవ్వాలో తేలక ఆ విషయం అక్కడ ఆగింది.

చివరకు హద్దు నిర్ణయానికి ఒక సంఘం వేశారు. అందులో విభాగాధిపతులిద్దరూ, ఆదిశేషయ్య గారూ ఉన్నారు. కొలతలు తెలిసిన మనిషి ఒకరు ఉంటే మంచిదని సర్వే శాఖ నుంచి ఓబులేసు అనే ఆయనను డెప్యుటేషన్ మీద తెప్పించారు. ఓబులేసుకు యాభై దాటాయి. పాతికేళ్లు శ్రీశైలం జలాశయం వెనుక నీళ్ల అంచున భూములు కొలిచినవాడు. ఎండకు నల్లబడ్డ మెడ, జేబులో రెండు పెన్నులు. మొదటి రోజు వచ్చి, స్థలం చూడాలన్నాడు. స్థలం ఎనభై కోట్ల కిలోమీటర్ల అవతల ఉందని చెబితే, అయితే కొలిచేవాళ్లను చూపించమన్నాడు.

మూడు రోజులు అతను వసుమతి బల్ల పక్కన స్టూలు వేసుకుని అంకెలు చూశాడు. వేలల్లో ఉన్న అంకె పదుల్లోకి పడిపోవడం, ఆరు గంటల తర్వాత మళ్లీ వేలల్లోకి లేవడం చూశాడు. ఫకృద్దీన్ గారిని పలక గురించి, వోల్టేజి గురించి అడిగాడు. మూడో రోజు మధ్యాహ్నం పెన్ను మూత పెట్టి అన్నాడు:

"మేడమ్, ఇది మాకు తెలిసిందే. వానల్లో నీళ్లు పొలాల మీదికొస్తాయి, ఎండల్లో వెనక్కి పోతాయి. నీళ్లు ఎంతదూరం తీస్తే రైతు అంతదూరం సేద్యం చేసుకుంటాడు. అంచు యాడ అని ఎవరన్నా నన్నడిగితే, ఏ పొద్దుదో చెప్పి అడగమంటా."

ఈ ముక్క అర్థమయ్యేట్టు చెప్పడానికి వసుమతి ఆ నెలలో పందొమ్మిది కాగితాలు రాసింది.

ఓబులేసు నివేదిక ఒక్క పేజీ. అంచు నిలకడైనది కాదు, ఏ రోజుకా రోజు పరికరాన్ని చూసి తెలుసుకోవాలి అని అందులో ఉంది. సంఘం దాన్ని శ్రద్ధగా చదివి, అడిగింది అంకె గనక ఇది నివేదిక కిందికి రాదని తేల్చింది. తర్వాత త్రివిక్రమం గారు తొంభై అన్నారు, పానకాలరావు గారు అరవై అన్నారు. ఆదిశేషయ్య గారు రెండూ కలిపి సగం చేశారు. 'గురుగ్రహ అయస్కాంతావరణపు హద్దును డెబ్బయి అయిదు వ్యాసార్ధములుగా స్థిరపరచడమైనది. ఈ ఉత్తర్వు తక్షణమే అమలులోనికి వచ్చును.' ప్రతులు రెండు విభాగాలకు, భద్రతా కార్యాలయానికి, క్యాంటీనుకు వెళ్లాయి.

ఆ తర్వాత నాలుగు నెలలు సంస్థ ప్రశాంతంగా నడిచింది. చుట్టుకు రెండే బదిలీ పత్రాలు, ఒకటి పోయేటప్పుడు, ఒకటి వచ్చేటప్పుడు. ఒకసారి నౌక డెబ్బయి దగ్గర ఉన్నప్పుడు అంకెలు పదుల్లో వచ్చాయి. హద్దు లోపల ఉండవలసిన కణాలు ఎందుకు హాజరు కాలేదో తెలపమని గ్రహ విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. ఇంకోసారి ఎనభై దగ్గర వేలల్లో వచ్చాయి. అలాంటివి నమోదు చేయడానికి ఆదిశేషయ్య గారు పట్టికలో 'ఉత్తర్వుకు లోబడని కణములు' అని కొత్త గడి పెట్టించారు. రెండుసార్లూ నౌక గంటల్లోనే మళ్లీ ఉత్తర్వుకు సరిపడే చోటికి చేరింది కాబట్టి పలకకు పెద్దగా దెబ్బ తగల్లేదు.

ఆ అదృష్టం తర్వాతి చుట్టులో లేదు. నౌక దూరపు కొస నుంచి లోపలికి వస్తోంది. ఒక బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు, తొంభై మూడో వ్యాసార్ధం దగ్గర, అంకె ఒక్కసారిగా నాలుగు వేలు దాటింది. సౌరపవనం బాగా పడిపోయింది. ఆవరణం ఉబ్బి నౌకను మింగేసింది. పలక నిండు వోల్టేజి మీద ఉంది. ఫకృద్దీన్ గారు కాగితం మీద కూడి చూసి, ఇదే వరసలో పోతే శనివారానికి పలక ఉండదన్నారు. నౌక డెబ్బయి అయిదుకు చేరేది సోమవారం.

వాళ్లిద్దరూ మొదట పానకాలరావు గారి గదికి వెళ్లారు. ఆయన కూర్చోబెట్టి టీ తెప్పించారు. వోల్టేజి తగ్గించమని తాను సంతకం పెడితే నౌక గ్రహం లోపల ఉందని తాను రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుందనీ, అది ఉత్తర్వుకు వ్యతిరేకమనీ నెమ్మదిగా వివరించారు. సౌర విభాగం పరిధిలో ఎప్పుడైనా నిండు వోల్టేజే. త్రివిక్రమం గారు కుర్చీని తెర వైపు నుంచి కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నారు. డెబ్బయి అయిదు దాకా తాను ఆ అంకెలు చూడడం కూడా పరిధిని మీరడమేనన్నారు. ఆదిశేషయ్య గారు డైరెక్టరుతో మాట్లాడమన్నారు. చక్రపాణి గారు బాధ్యతాయుత పరిపాలన మీద ఉపన్యాసానికి అమరావతి వెళ్లారు. ఫోనులో దొరికేసరికి సాయంత్రం అయిదు.

"సోమవారం దాకా ఆగలేమా?" అన్నారాయన.

"అప్పటికి పలక ఉండదండి," అంది వసుమతి.

"పలక ఏ విభాగానిది?"

ముందు అది తేల్చుకుని తనకు చెప్పమని ఆయన ఫోను పెట్టేశారు.

గురువారం ఉదయం ఇద్దరూ ఇంకోసారి అన్ని గదులూ తిరిగారు. పదకొండున్నరకు ఫకృద్దీన్ గారు వచ్చి ఆదేశం ఫారం తీసుకుని, విభాగాధిపతి సంతకం చేయాల్సిన గడిలో తన సంతకం పెట్టారు. దాపరికమేమీ లేదు. హాల్లో అందరూ చూస్తూనే ఉన్నారు.

వసుమతి తానూ పెన్ను తీస్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దు మేడమ్. మీకింకా పదిహేనేళ్ల సర్వీసుంది. నాకు ఏడు నెలలే. ఆ పలకను నేనే నా చేత్తో అతికించినాను. అది కాలిపోతుంటే ఫారం పట్టుకుని కూచోలేను."

ఆమె ఆయన చెయ్యి పక్కకు జరిపి కింద సంతకం చేసింది. ఆదేశం వెళ్లింది. గురుగ్రహం దాకా వెళ్లడానికి ముప్పావు గంట, జవాబు రావడానికి ఇంకో ముప్పావు గంట. ఆ గంటన్నర ఇద్దరూ లేవలేదు. డెప్యుటేషన్ ఇంకా ముగియని ఓబులేసు క్యాంటీను నుంచి కాగితంలో మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చి బల్ల మీద పెట్టాడు గాని, వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఒంటిగంట దాటాక వోల్టేజి తగ్గినట్టు తెర మీద వచ్చింది. పలక బతికింది. నాలుగో వంతు ఆయుష్షు పోయింది, మూడు వంతులు మిగిలింది.

సాయంత్రానికి ఇద్దరికీ అభియోగ పత్రాలు అందాయి. నేరం పరిధి అతిక్రమణ. విచారణ పూర్తయ్యేదాకా ఫకృద్దీన్ గారు పరికరాల గదిలోకి అడుగు పెట్టకూడదు. వసుమతి బల్ల మీద అంకెలు చదవడానికి ఇంకెవరూ లేరు గనక ఆమెను అలాగే ఉంచారు. శుక్రవారం నుంచి ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముప్ఫయి ఒక్క ఏళ్లుగా పొద్దున్నే తన గది తలుపు తానే తీసిన మనిషి, ఇప్పుడు ఎదురుగా ఉన్న ఆ తలుపు వైపు చూడకుండా పేపరు చదువుతున్నట్టు కనిపించేవారు. వసుమతి ప్రతి గంటకూ బయటికి వచ్చి అంకె చెప్పి వెళ్లేది. ఆయన తల ఊపేవారు.

సోమవారం నౌక డెబ్బయి అయిదును దాటే వేళకు గురు ప్రవేశోత్సవమని పెద్ద సభ పెట్టారు. ఇది ముందునుంచీ అనుకున్నదే. రాజధాని నుంచి శాఖ కార్యదర్శి కాత్యాయని గారు ముఖ్య అతిథి. హాలంతా బంతిపూలు. కణం తగిలినప్పుడల్లా చప్పుడు వినబడేట్టు కణమాపని అంకెలను లౌడ్ స్పీకరుకు కలిపారు. డెబ్బయి అయిదు చేరగానే హాలు హోరెత్తిపోతుందని చక్రపాణి గారు ఆహ్వాన పత్రికలో అచ్చు వేయించారు.

అయితే ఆదివారం సూర్యుడి నుంచి పెద్ద గాలి వచ్చింది. ఆవరణం నలిగి అరవై నాలుగు దాకా వెనక్కి పోయింది. నౌక మళ్లీ బయటపడింది. వసుమతి పొద్దున్నే ఈ సంగతి డైరెక్టరుకు చెప్పింది. పత్రికలు పంచేశాక కార్యక్రమం మార్చడం బాగుండదని ఆయన అన్నారు.

పది నలభై రెండుకు కాత్యాయని గారు వేదిక మీది తెర లాగారు. చప్పట్లు కొట్టారు. త్రివిక్రమం గారు, పానకాలరావు గారు వేదిక మీద బదిలీ పత్రం ఇచ్చిపుచ్చుకుని ఫొటోకు నిలబడ్డారు. అంతా సద్దుమణిగి, స్పీకరు వైపు చెవులు నిక్కించారు. ఒకసారి టిక్కుమంది. చాలాసేపటికి ఇంకోసారి టిక్కుమంది.

ఏమీ వినబడటం లేదేమిటని కాత్యాయని గారు అడిగారు.

"ప్రవేశం ప్రశాంతంగా జరిగిందండి," అన్నారు చక్రపాణి గారు.

ఆవిడ ముప్ఫయ్యేళ్లు ఫైళ్లతో గడిపిన మనిషి. ప్రశాంతంగా అన్న మాట వింటే ఆవిడకు అనుమానం వస్తుంది. ఈ అంకెలు చదివేది ఎవరని హాలు వైపు చూశారు. వసుమతి లేచి నిలబడింది. అప్పటికే ఒక అభియోగ పత్రం ఉంది, ఇప్పుడు నోరు జారితే రెండోది వస్తుందని ఆమెకు తెలుసు. చక్రపాణి గారు ఆమె వైపే చూస్తున్నారు.

"నౌక ఇప్పుడు గురుగ్రహం ఆవరణంలో లేదండి," అంది. "ఉత్తర్వు ప్రకారం ఉంది. పోయిన బుధవారం తొంభై మూడు దగ్గర నిజంగా లోపలికి వెళ్లింది. అప్పుడు ఉత్తర్వు ప్రకారం లేదు. ఆ రోజు పరికరాన్ని కాపాడినందుకు దాన్ని తయారు చేసిన ఆయన బయట వరండాలో కూర్చుని ఉన్నారు."

స్పీకరు టిక్కుమంది.

కాత్యాయని గారు కోప్పడలేదు. ఇబ్బంది ఎక్కడుందని ఆదిశేషయ్య గారిని అడిగారు. సర్క్యులర్ అమలు కావాలంటే హద్దు ఉత్తర్వు ద్వారానే ఉండాలి, సర్క్యులర్ రద్దు చేయడం కుదరదు అని ఆయన చెప్పారు. గ్రహాన్ని మార్చడం కూడా కుదరదు గదా అని ఆవిడ అన్నారు. అది కూడా నిజమేనని ఆయన ఒప్పుకున్నారు. అప్పుడు వెనక వరసలో నుంచి ఓబులేసు చెయ్యెత్తాడు.

"మేడమ్, మా డ్యాములో నీటిమట్టం ఇంత అని రోజూ పొద్దున బోర్డు మీద రాస్తారు. నీళ్లు తగ్గినందుకు ఎవరి మీదా కేసు పెట్టరు. ఇది గూడా రోజూ పొద్దున ఒక ఉత్తర్వు ఇచ్చేస్తే సరిపోతాది."

ఆవిడకు ఇది వెంటనే నచ్చింది. ఎవరి తప్పూ లేకుండా, ఏ కాగితమూ రద్దు కాకుండా పని జరిగే దారి ఆవిడ సర్వీసులో అరుదుగా దొరికింది. ఇకపై హద్దును ప్రతిదినమూ ఉత్తర్వు ద్వారా సవరించవలెననీ, నౌక గ్రహాన్ని చేరిన నాటి నుంచి గడిచిన తేదీలకు కూడా ఈ సవరణ వర్తింపజేయవలెననీ అక్కడికక్కడే రాయించి, భోజనానికి లేచారు.

అప్పటి నుంచి ఉదయం పది గంటలకు వసుమతి ఒక అంకె ఇస్తుంది. టైపు చేస్తారు, చక్రపాణి గారు సంతకం పెడతారు, గురుగ్రహం హద్దు ఆనాటికి స్థిరపడుతుంది. రోజు మధ్యలో గాలి మారితే మధ్యాహ్నం అదనపు ఉత్తర్వు వెలువడుతుంది. పలకకు నిజంగా అంచు దాటినప్పుడే వోల్టేజి మారుతోంది. మూడు నెలల తర్వాత చక్రపాణి గారు ఒక జాతీయ సదస్సులో మాట్లాడుతూ, ఈ విధానం ప్రవేశపెట్టాక గురుగ్రహం ఒక్కసారి కూడా ఉత్తర్వులో చెప్పిన హద్దు మీరలేదనీ, నూటికి నూరు శాతం క్రమశిక్షణ సాధించామనీ వెల్లడించారు. చాలాసేపు చప్పట్లు కొట్టారు. సముద్రాల మీద పనిచేసే మరో సంస్థ వాళ్లు ఆటుపోట్లకు కూడా ఇది వర్తిస్తుందా అని వివరాలు అడిగి రాసుకున్నారు.

గడిచిన తేదీలకు సవరణ వచ్చాక, ఆ బుధవారం నాటి హద్దు తొంభై మూడుగా నమోదైంది. కాబట్టి వోల్టేజి తగ్గించడం తప్పు కాకుండా పోయింది. విచారణ మూసేశారు. ఫకృద్దీన్ గారు మళ్లీ తన గది తలుపు తీసుకున్నారు. మూడో రోజున ఆయనకు ఇంకో మెమో వచ్చింది. సవరించిన ఉత్తర్వు ప్రకారం నౌక బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకే హద్దు లోపలికి ప్రవేశించినది. వోల్టేజి గురువారం పదకొండున్నరకు గాని తగ్గించబడలేదు. ఇరవై ఆరు గంటల ఈ జాప్యము వలన పలక ఆయుష్షులో నాలుగో వంతు నష్టమైనది. ఇందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

వసుమతికి ఒళ్లు మండిపోయింది. కార్యదర్శి గారికి రాస్తానంది. ఫకృద్దీన్ గారు మాత్రం ఆ మెమోను రెండుసార్లు చదివి, ఇందులో ప్రతి మాటా నిజమేనన్నారు. ఆ సంస్థలో తనకు వచ్చిన కాగితాల్లో అలాంటిది ఇదే మొదటిదన్నారు. అద్దాలు తుడుచుకుని జవాబు తానే రాశారు.

'జాప్యము జరిగిన మాట వాస్తవము. ఆ ఇరవై ఆరు గంటలు ఒక్క సంతకము కొరకు నేనును, డాక్టర్ వసుమతి గారును గదుల చుట్టూ తిరిగితిమి. ఆ సమయమున పలక ఏ గదికి చెందినదో ఇప్పటికైనను తెలియజేసినచో, ఆ గదిలో మరికొంత సేపు నిలబడి ఉండవలసినదని మాకును తెలియగలదు.'

ఆ జవాబు మీద అభిప్రాయం కోసం ఫైలు గ్రహ విభాగానికి వెళ్లింది. ఆ విషయం తమ పరిధిలోకి రాదని త్రివిక్రమం గారు రాశారు. సౌర విభాగానికి వెళ్లింది. పానకాలరావు గారూ అదే రాశారు. ఫకృద్దీన్ గారు రిటైరయ్యే రోజుకు అది ఆదిశేషయ్య గారి బల్ల మీద ఉంది.

ఆ రోజు సాయంత్రం సన్మానం అయ్యాక, దండ చేత్తో పట్టుకుని ఆయన వసుమతి బల్ల దగ్గరికి వచ్చారు. నౌక గ్రహానికి బాగా దగ్గరగా, ఇంతకుముందు ఎప్పుడూ పోనంత లోపలికి పోతోంది. సెకనుకు మూడు లక్షలు దాటింది అంకె. పలక ఒక్క దెబ్బనూ వదలకుండా పట్టుకుంటోంది. ఆయన దండ బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాసేపటికి టీ తెప్పించమంటారా అని వసుమతి అడిగింది. ఆయన వినిపించుకోలేదు.